దేవరకొండ ముట్టడిలో జొన్నపిండి ముని

ఆ ఆదివారం పొద్దున దేవరకొండ గుట్ట మీద నల్లమబ్బు కమ్మి, ఒక్క చినుకైనా రాల్చకుండా నకిరేకల్ దిక్కు జరిగిపోయింది. విత్తే పని లేదు. కనుక రైతు మైసయ్య, నేత నేసే రఘుపతి ఇంటికి యుద్ధానికి వచ్చాడు.

చరిత్రలో మాయమంత్రాలు కలపకూడదని పెద్దలంటారు. పొరపాటు! కలిపి తీరాలి.

నిజాం సర్కారు పోయిన పదేళ్లకు రఘుపతి నడిమింట్లో మళ్లీ రాజుల యుద్ధం మొదలైంది. ముగ్గుపిండితో గీసిన కోట. లోపల ముప్పై మంది మట్టి సిపాయిలు, బయట ముప్పై. మగ్గం కింది తుక్కు నూలుతో రఘుపతి వాళ్లకు తలపాగాలు చుట్టి, నిలబడాలని గంజి పెట్టాడు. గుర్రం నాలుగు జానలు నడుస్తుంది, బంటు జానెడు. గవ్వలు ఎన్ని వెల్లకిల పడితే అంతమంది చస్తారు. అంతా చరిత్ర పుస్తకం ప్రకారమే. పుస్తకంలో కోట పడలేదు. అందుకని బయటి సేనను నడిపే మైసయ్య వరసగా పదకొండు వారాలు ఓడాడు.

"ఇయ్యాల గూడ ఓడితే మల్ల రానన్నా" అన్నాడు కూర్చుంటూనే.

ఊరు మొత్తంలో రఘుపతితో ఆడే మనిషి మరొకడు లేడు.

మైసయ్య తుండుగుడ్డ విప్పి జొన్నపిండి బొమ్మను నిలబెట్టాడు.

"ఎవలీయన?"

"గుట్ట మీది ముని. కండ్లు తెరిస్తె నీ గుర్రాలు రాళ్లయితయి."

"పుస్తకంల లేడు గద."

"పుస్తకం రాసినాయన గుట్టెక్కిండా? మా అవ్వ ఎక్కింది."

చూశారా ఎంత సుఖమో! కొలిచే పని లేదు, గవ్వలు వేసే పని లేదు. రఘుపతి తన సేనాపతికి ఆదివారం శాపం తగలని వరమిచ్చాడు. మునికి వారాలతో పనిలేదని మైసయ్య తేల్చేశాడు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి పదిహేడు వరాలు, తొమ్మిది శాపాలు అయ్యాయి. ఒక్క బంటూ కదల్లేదు, ఒక్క ప్రాణమూ పోలేదు. ఇంత అహింసగా యుద్ధం చేయడం ఏ సర్కారుకు చేతనవును?

అప్పుడు రఘుపతి భార్య యాదలక్ష్మి పెంచే కోడి వచ్చింది. గంజి పెట్టిన తలపాగాలు రెండు రుచి చూసి, నచ్చక, మునిని పూర్తిగా తినేసింది.

"అయిపాయె. నీ ముని సచ్చిండు" అన్నాడు రఘుపతి.

"సావలేదు. కోడిలకు పోయిండు. ఇగ అది మా దిక్కు."

"కోడి మాది."

"లోపలున్నది నాది."

కోడి కోటలోకి నడిచింది. సేనాపతిని తన్ని, సింహాసనం ఉండాల్సిన చోట రెట్ట వేసింది. కోట పడింది.

"ఇది లెక్కకు రాదు" అన్నాడు రఘుపతి.

మైసయ్య తుండుగుడ్డ దులిపి లేచాడు. "ఇగ నే పోతన్న."

"తిని పో అన్నా" అంది యాదలక్ష్మి రొట్టెలు తెస్తూ. మొగుడి వైపు తిరిగింది. "పదకొండు వారాలల్ల ఒక్కపారన్న కోట ఆయనకిచ్చినవా?"

పుస్తకం రఘుపతిది. ముగ్గుపిండి రఘుపతిది. కోటలో కూర్చునేదీ రఘుపతే. చదువరులారా, మరి బయట కూర్చునేవాడు మునిని తేక ఏం తెస్తాడు?

రఘుపతి లేచాడు. కోటను దాటి వచ్చి, ఎప్పుడూ మైసయ్య కూర్చునే చోట కూర్చుని కంచం ముందుకు లాక్కున్నాడు. ఇక ఖాళీగా ఉన్నది కోట వైపే. మైసయ్య వెళ్లి అక్కడ కూర్చున్నాడు.

ఇద్దరూ రొట్టెలు తుంచుకున్నారు.