ఏడుగురు లెవావసాలు, ఒకే తలుపు

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి జిల్లా సంఘం కార్యాలయంలో తైమనే కొత్త తలుపు తెరిచింది. సాయంత్రం ఏడులోగా ఆ తలుపు గుండా ఒకే ఒక్క పని జరగాలి. ఆమె మేనత్త ఫువతీనో పేరు ఎదురుగా ఒక మటాయ్, అంటే వంశపెద్ద, ఆమోదం నొక్కాలి. నొక్కితే కంటి ఆపరేషన్లు చేసే బృందం సోమవారం ఆమెను చూస్తుంది. నొక్కకపోతే ఆ బృందం సవాయి దీవికి మళ్లీ వచ్చేది రెండేళ్లకు. ఫువతీనో ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి వెలుతురు, నీడ మాత్రమే తెలుస్తున్నాయి. అల్లుతున్న సన్నచాప జానెడు మిగిలి ఉండగా నాలుగు నెలలుగా చుట్టి గోడకు వేలాడుతోంది.

తలుపు అవసరం పడింది పంది వల్ల. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు, బడి మార్కులు, ఫెర్రీలో సరుకు బుకింగ్, అన్నీ జిల్లా సొంత సర్వర్‌లో ఉండేవి. ఎవరైనా తెరవచ్చు, ఎవరైనా నొక్కవచ్చు. కిందటి నెల ఎవడో ఆకతాయి కంటి రోగుల జాబితాలో ఒక మగపందిని చేర్చాడు. దానికి వంశపెద్ద ఆమోదం కూడా పడింది. సంఘం మూడు రోజులు గంభీరంగా చర్చించి, పాత ఆమోదాలన్నీ రద్దు చేసి, సర్వర్‌కు కాపలా పెట్టమని తన కంప్యూటర్లు చూసే తైమనేకు చెప్పింది.

తైమనే పెట్టిన కాపలాదారును ఆ వృత్తిలో రివర్స్ ప్రాక్సీ అంటారు. సేవలన్నీ లోపల ఉంటాయి, వీధి వాకిట్లో అతనొక్కడే నిలబడతాడు. వచ్చినవాడి పేరు, సంకేతపదం అడుగుతాడు. సరిపోతే తనే లోపలికి వెళ్లి కావలసింది తెచ్చి ఇస్తాడు. మూడుసార్లు తప్పు చెప్పినవాడి చిరునామాను లోపలున్న తనిఖీ విభాగం ఒక రోజంతా వెలివేస్తుంది. ఆమె వారం రోజులు కూర్చుని ప్రతి వరసా రెండుసార్లు చూసుకుంది. ఒక వరస మాత్రం రాయడం మరిచిపోయింది.

పదింటికల్లా పదిమంది వంశపెద్దలు తమ తమ రోగులకు ఆమోదం నొక్కేశారు. మిగిలింది ఫువతీనో ఒక్కతే. ఆమె వంశపెద్ద లెవావసా.

లెవావసా అనేది బిరుదు. బిరుదు వచ్చాక మనిషికి అదే పేరు, చిన్నప్పటి పేరు పలకడం మర్యాద కాదు. ఒకే బిరుదును పలువురు సమాన హక్కుతో మోయడం అక్కడి ఆచారం. ఆ జిల్లాలో ఏడుగురు లెవావసాలున్నారు. అసలైన శాఖ ఎవరిదన్న వ్యాజ్యం నలభై ఏళ్లుగా కోర్టులో ఉంది. ఇవన్నీ తైమనేకు ఉగ్గుపాలతో తెలిసినవే. తెలిసి కూడా, నమోదు పత్రంలో ఒక పేరుకు ఒకే మనిషి అని రాసింది. యంత్రం ముందు కూర్చుంటే ఊరు గుర్తుకు రాదు.

హెడ్మాస్టర్ లెవావసా తొమ్మిదింబావుకే నమోదు చేసుకున్నాడు. ఆమోదం మాత్రం సాయంత్రం ఫువతీనో ఎదుట, తగిన ప్రసంగంతో నొక్కుదామని బడికి వెళ్లిపోయాడు. పదీ ఐదుకు బస్సుల లెవావసా తన ఫోన్‌లో బిరుదు టైపు చేశాడు. 'ఈ పేరు ఇప్పటికే మరొకరిది' అని తెర మీద వచ్చింది.

తైమనే ఫోన్ మోగింది.

"ఏమ్మాయ్, నా పేరు ఎవడిదంటోంది నీ డబ్బా?"

"పెద్దయ్యా, హెడ్మాస్టర్ గారు ముందు..."

"ముందా? వాడి తాత మా తాతకు కొబ్బరికాయలు వలిచేవాడు! వాడు ముందేంటి?"

"మీకు వేరే పేరుతో పెడతాను. మీ చిన్నప్పటి పేరు..."

"నా మొహం మీద చెప్పగలవా ఆ మాట?"

ఆయన ఫోన్ పెట్టేసి, పేరు తనదే కాబట్టి సంకేతపదం కూడా తనదే అయివుండాలన్న తర్కంతో నాయనమ్మ పేరు కొట్టాడు. తప్పు. పడవ పేరు కొట్టాడు. తప్పు. పళ్లు కొరుకుతూ మళ్లీ నాయనమ్మ పేరే కొట్టాడు.

అప్పుడు బయటపడింది మరిచిపోయిన వరస. వచ్చినవాడి అసలు చిరునామాను కాపలాదారు లోపలికి చేరవేయాలని చెప్పే వరస అది. అది లేకపోవడంతో, జిల్లాలో ఎవరు వచ్చినా లోపలున్న తనిఖీ విభాగానికి కనిపించేది కాపలాదారు ముఖమే. మూడు తప్పులు చేసినవాడిని వెలివేయమన్న ఆజ్ఞను అది తు.చ. తప్పకుండా పాటించి, కాపలాదారునే వెలివేసింది. కంచె చేను మేసిందంటారు. ఇక్కడ చేనే కంచెను మింగింది.

పదీ ఇరవైకి జిల్లా మొత్తం మూతపడింది. ఏ పేజీ తెరిచినా ఒకటే మాట: 'మీరు మూడు తప్పులు చేశారు. మీకు ప్రవేశం లేదు.' రేవులో టారో దుంపల బస్తాలు బుకింగ్ లేక గుట్టపడ్డాయి. బడిలో మార్కులు ఆగాయి. పాస్టర్ ఎనెలికో ఫోన్ చేసి, తాను గంటసేపు ఆత్మపరిశీలన చేసుకున్నానని, రెండు మాత్రమే గుర్తొచ్చాయని, మూడోది ఏదో చెప్పమని అడిగారు.

తైమనే సెట్టింగుల పేజీ తెరవబోయింది. ఆ పేజీ కూడా అదే తలుపు వెనకే ఉంది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దొడ్డిదారిని భద్రత కోసం కిందటి రోజే తన చేతులతో మూసింది. తాళంచెవి ఇంట్లో పెట్టి తాళం వేసుకున్న మనిషిలా కాసేపు కూర్చుంది. ఇక మిగిలింది సర్వర్ దగ్గరికే వెళ్లడం. కరెంటు పోని సోలార్ ఇల్లు జిల్లాలో పాస్టర్‌గారిదొక్కటే కాబట్టి సర్వర్ అక్కడ, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది.

ఆమె గుమ్మం దాటేలోగా కబురొచ్చింది. పన్నెండింటికి సభ. లెవావసా బిరుదు ఎవరిదో సర్వర్ తేల్చేసిందట, అమ్మాయి వచ్చి సంజాయిషీ ఇవ్వాలట.

సభలో అవా, అంటే వేర్లు నలిపి చేసే మర్యాద పానీయం, గిన్నె మధ్యలో, ఏడుగురు లెవావసాలు ఏడు స్తంభాలకు ఆనుకుని కూర్చున్నారు. అవా పంపకం, ప్రసంగాలు అయ్యేదాకా లేచి వెళ్లడం కుదరదు. ప్రతి ప్రసంగం సముద్రం మీద మొదటి పడవ వచ్చిన రోజు నుంచి మొదలైంది. రెండింటికి పడవ తీరం చేరింది. మూడున్నరకు తాతలు పుట్టారు. కోకో తోటల లెవావసా ఒక్కడే గంటా పది నిమిషాలు మాట్లాడాడు.

"అమ్మాయ్, ఒక్క ముక్కలో చెప్పు," అన్నాడు ఆఖరికి. "యంత్రం దృష్టిలో లెవావసా ఎవరు?"

"ఎవరూ కాదు పెద్దయ్యా. ఇప్పుడు అది ఎవర్నీ రానివ్వడం లేదు."

"హెడ్మాస్టర్‌ని కూడానా?"

"ఆయన్ని కూడా."

ఆరుగురి ముఖాలు వికసించాయి. సభ ఐదింటికి ముగిసింది.

తైమనే బస్సు కోసం పరుగెత్తింది. పొద్దుటి అవమానానికి నిరసనగా బస్సుల లెవావసా బస్సు ఆపేశాడు. హెడ్మాస్టర్ ట్రక్కు పాస్టర్ ఇంటికే బయలుదేరింది. కానీ ఒకరు లేకుండా మరొకరు సర్వర్‌ను కలవడానికి వీల్లేదని ఏడుగురూ అందులోనే ఎక్కి, మాట్లాడుకోకుండా, మోకాళ్లు తగులుతూ కూర్చున్నారు. నిండు విగ్రహాలు. ఎనిమిదో మనిషికి చోటు లేదు.

ఆమె నడిచింది. దారిలో అత్త ఇల్లు. ఫువతీనో అరుగు మీద గోడకేసి కూర్చుంది.

"ఒసేయ్ తైమనే, నీ చెప్పుల చప్పుడే అది. నొక్కారా?"

"ఇంకా లేదత్తా."

"పొద్దున్నించీ నువ్వేం చేస్తున్నట్టు?"

"తలుపు పెట్టాను."

"తలుపు లేనప్పుడు పంది కూడా వెళ్లిందే లోపలికి! నా ఖర్మ." చెయ్యి చాచింది. "పద, నేనూ వస్తా. ఏడు కొట్టేదాకా ఈ గోడనే చూస్తూ కూర్చోలేను. అది కూడా సరిగ్గా కనబడి చావదు."

చూపు లేని మనిషిని పట్టుకుని నడిస్తే రెండు కిలోమీటర్లు నాలుగవుతాయి. ఊరి మొగదలకు చేరేసరికి ఆరూ ఇరవై. పాస్టర్ ఇల్లు అరవై అడుగుల్లో కనిపిస్తోంది. అప్పుడే శంఖం మోగింది. సంధ్య ప్రార్థన వేళ. మూడో శంఖం దాకా దారిలో ఎవరూ కదలకూడదు.

కర్రలు పట్టుకున్న కుర్ర మటాయ్‌లు ఇద్దరు అడ్డొచ్చారు.

"ఆగక్కా. ఎక్కడున్నావో అక్కడే."

"బాబూ, ఏడింటికి జాబితా మూసేస్తారు. మా అత్త కన్ను..."

"దేవుడికంటే ముందా జాబితా?"

"దేవుడు రోజూ వస్తాడు. డాక్టర్లు రెండేళ్లకోసారి వస్తారు."

అతను ఆలోచించాడు. వాదన బలంగానే ఉందనిపించింది. అయినా, "కూర్చో అక్కా," అన్నాడు. ఇద్దరూ దారి పక్కన కూర్చున్నారు. ఊరంతా ఇళ్లలో పాడుతోంది. తైమనే గడియారం చూసుకుంటోంది. ఫువతీనో మాత్రం పాటలో గొంతు కలిపింది, పైస్థాయిలో.

ఆరూ నలభైకి మూడో శంఖం. ఆరూ నలభై నాలుగుకు తైమనే సర్వర్ ముందు కూర్చుంది. వెనక ఏడుగురు లెవావసాలు, పాస్టర్, అత్త. వెలి ఎత్తేసింది. మరిచిన వరస రాసి కాపలాదారును మళ్లీ లేపడానికి పది నిమిషాలు పడుతుంది. అది రేపు చూసుకోవచ్చు. హెడ్మాస్టర్ సంకేతపదం కొట్టి లోపలికి వెళ్లాడు. తెర మీద ఫువతీనో పేరు, ఎదురుగా ఆమోదం గడి. ఆయన గొంతు సవరించుకుని, మొదటి పడవ గురించి రెండు మాటలు చెప్పి నొక్కాడు. టిక్కు పడింది. ఆరూ నలభై తొమ్మిది.

తైమనే ఊపిరి వదిలింది.

"జరుగు," అన్నాడు బస్సుల లెవావసా. "నేనూ నొక్కాలి."

"అయిపోయింది పెద్దయ్యా, ఒక్కసారి చాలు."

"వాడొక్కడి వేలితో నా చెల్లెలికి కళ్లొస్తాయా? నా వేలికేం తక్కువ?"

ఆపేలోగా నొక్కేశాడు. టిక్కు పోయింది. ఆ గడి లక్షణమే అంత. ఒకసారి నొక్కితే ఆమోదం, మళ్లీ నొక్కితే రద్దు. మిగిలిన ఐదుగురూ వయసు క్రమంలో వరసగా నిలబడ్డారు. ఒక వంశపెద్ద వేలిని ఆపే ధైర్యం ఆ జిల్లాలో ఎవరికీ లేదు. మటాయ్ నొక్కాల్సిన చోట తన వేలు పెట్టిన ఆడపిల్లకు ఇక ఆ ఊళ్లో నిలువ నీడ ఉండదు.

తైమనే పాస్టర్ చెవిలో సంగతి చెప్పింది.

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. "ఏడుగురేగా? బేసి సంఖ్య. దేవుడు దయామయుడు."

టిక్కు పడింది. పోయింది. పడింది. పోయింది. ఏడో వేలికి టిక్కు పడి నిలిచింది. ఆరూ యాభై ఆరు.

బయట కారు తలుపు చప్పుడైంది. ఒక భారీ మనిషి, చేతిలో పెట్టెతో, గుమ్మంలో నిలబడ్డాడు.

"సాయంత్రం ఫెర్రీకే వచ్చా," అన్నాడు. "నా పేరుతో ఏదో జరుగుతోందట?"

అపియాలో కాపురముండే ఎనిమిదో లెవావసా ఆయన. ఆయన సంగతి అందరూ మరిచిపోయారు. ఆయన మాత్రం మరిచిపోలేదు.

"వీళ్లంతా నొక్కారా? అయితే తప్పుకోండి."

ఎనిమిది సరి సంఖ్య. తైమనే కుర్చీలోంచి లేవకుండానే తెర మీద లెవావసా పేజీ మూసేసి, అతి వినయంగా తల వంచింది.

"పెద్దయ్యా, రాజధాని నుంచి వచ్చినవారు. ఏడుగురి వేళ్లు పడ్డ మీటా మీకు? మీ ఫోన్‌లోంచి మీరే దర్జాగా లోపలికి రండి. పేరు మీదే కదా."

ఆయనకు నచ్చింది. ఫోన్ తీశాడు. "సంకేతపదం?"

"మీ పేరుకు తగిన మాట మీకు తెలియకుండా ఉంటుందా?"

ఆయన తెలియదని ఎలా చెబుతాడు? గంభీరంగా ఏదో కొట్టాడు. తప్పు. హెడ్మాస్టర్ సహృదయంతో ముందుకొచ్చాడు. "అన్నా, అది నేను పెట్టిందే. చెప్తా విను, మొదటి అక్షరం..."

మూలలో కూర్చున్న ఫువతీనో ఒక్కసారిగా స్తోత్రం ఎత్తుకుంది. ఇంటికప్పు అదిరే గొంతు. ఆ దీవిలో స్తోత్రం మొదలైతే గొంతు కలపని మనిషి పుట్టలేదు. పాస్టర్ కలిపారు. ఆరుగురు లెవావసాలు కలిపారు. జిల్లాలో అందరికంటే మంద్రస్వరం హెడ్మాస్టర్‌ది. ఆయన లేకపోతే పాట కుంటుతుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగి ఆయనా అందుకున్నాడు.

ఎనిమిదో లెవావసా పాడుతూనే రెండోసారి కొట్టాడు. పాడుతూనే మూడోసారి కొట్టాడు.

ఆరూ యాభై తొమ్మిదికి జిల్లా మొత్తం మళ్లీ మూతపడింది. ఇక ఏ వేలూ ఆ గడిని చేరలేదు. తలుపు అడ్డగించేది బయటి నుంచి వచ్చేవారినే. లోపలి జాబితా మాత్రం ఏడు కొట్టగానే, పదకొండు టిక్కులతో, తనంతట తానే ఆపరేషన్ల బృందానికి వెళ్లిపోయింది. పాట నాలుగో చరణంలో ఉంది.

సోమవారం ఫువతీనో కుడి కంటికి ఆపరేషన్ జరిగింది. బుధవారం కట్టు విప్పారు. గురువారం ఆమె గోడ మీది చాప దించి విప్పుకుని, చివరి ఆరు వరసలు గుడ్డిగా అల్లినవని తేల్చి, మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ ఊడదీసింది.

తర్వాతి సభలో, సమయానికి వచ్చి జిల్లాకు చేసిన సహాయానికి అపియా లెవావసాకు సంఘం కృతజ్ఞతలు చెప్పింది. ఆయన లేచి నిలబడి, మొదటి పడవ నుంచి మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడాడు. తాను చేసిన సహాయమేమిటో మాత్రం ఎవరినీ అడగలేదు.