పోతుటీగల పాఠం

కుందుర్పి దగ్గర ఒక ఊళ్లో చాలా కాలంగా వానల్లేవు కాబట్టి, అక్కడి బడిపిల్లలకు తేనెటీగల పెంపకం నేర్పాలని పైవాళ్లు నిర్ణయించారు. నిర్ణయంతో పాటు పచ్చ రంగు వేసిన చెక్కపెట్టె కూడా వచ్చింది. ఈగలు రాలేదు. ఈగలకు పూలు కావాలి, పూలకు వాన కావాలి, వాన సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.

టీచరు అరుణజ్యోతి మనసుపెట్టి పనిచేసే మనిషి. ఉద్యోగంలో ఆమెకున్న లోపం అదొక్కటే. ఖాళీ పెట్టెను బల్ల మీద పెట్టి, ఒకటో తరగతి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, ఈశ్వరి అనే పిల్ల నెత్తిన అట్టకిరీటం పెట్టి రాణి ఈగను చేసింది. తక్కినవాళ్లు జుయ్యిమంటూ ఎగిరారు.

"పనిచేసే ఈగలన్నీ ఆడవే. పూలకాడికి పోయేది, తేనె చేసేది, గూడు శుభ్రం చేసేది, పిల్లల్ని సాకేది అవే," అని చెప్పింది. "మగదాన్ని పోతుటీగ అంటారు."

"అదేం చేస్తాది మేడం?" అన్నది ఈశ్వరి.

"తింటాది. తిరుగుతాది."

"మా నాయన మాదిరా?"

అరుణజ్యోతి విననట్టు ముందుకు పోయింది. ముందున్నది ఇంకా పెద్ద ప్రమాదమని ఆమెకు తెలియదు. "కరువొచ్చి పూలు లేకపోతే, ఆడ ఈగలన్నీ కలిసి పోతుటీగల్ని గూట్లోంచి బయటికి నూకేస్తాయి."

పిల్లలు సాధారణంగా పాఠాన్ని బడిలోనే వదిలిపెట్టి పోతారు. ఆ రోజు ఇంటికి తీసుకుపోయారు.

ఈశ్వరి తల్లి నల్లమ్మ పొద్దంతా బోరు కింది వేరుశనగ చేలో కలుపు తీసి వచ్చి, పొయ్యి ముట్టిస్తూ పాఠమంతా విన్నది. మొగుడు ఓబుళేసు మంచం మీద పడుకుని సెల్లు చూస్తున్నాడు. ఆమె పొయ్యి వదిలి లేచింది. మంచాన్ని మనిషితో సహా వీధిలోకి ఈడ్చింది.

"ఏమైంది మే నీకు?" అన్నాడు ఓబుళేసు.

"కరువు గదా," అని నల్లమ్మ తలుపేసుకున్నది.

మరునాటికి విద్య వ్యాపించింది. వీధి పొడుగునా మంచాలు వెలిశాయి. తల్లిదండ్రుల సమావేశానికి ఎన్నడూ రాని నాయనలందరూ ఆ రోజు పిలవకుండానే బడికి వచ్చారు. ఊరిపెద్ద ఆదెప్పకు ఆరుబయట పడుకున్నందువల్ల గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమమ్మా, ఈగల చదువు చెప్పమంటే ఇండ్లు కూలుస్తాండావే. మేం పనిల్యాక తిరుగుతాండామా? టీ బంక కాడ కూర్చోని దేశం గురించి మాట్లాడేది ఎవరు, ఆడోళ్లా?"

"పుస్తకంలో అట్లే ఉండాదన్నా."

"పుస్తకం మార్పించు. ల్యాకుంటే నిన్ను మార్పిస్తాం."

అరుణజ్యోతికి ఇంట్లో చంటిబిడ్డ ఉంది, బదిలీ అంటే భయం. పుస్తకం మూసింది. సమస్య తీవ్రతను గుర్తించి పై అధికారి నరసింహప్ప స్వయంగా విచ్చేశారు. బడి వరండాలో పూలదండ వేయించుకుని, సవరించిన పాఠాన్ని ఆవిష్కరించారు.

"పోతుటీగ గూటికి పెద్దదిక్కు. అది ఊరికే తిరగదు, పర్యవేక్షిస్తుంది. ఊరికే తినదు, తేనె నాణ్యతను పరీక్షిస్తుంది. కరువు వచ్చినప్పుడు దాన్ని ఎవరూ గెంటరు. గూటి సమస్యలపై చర్చించడానికి పోతుటీగలన్నీ స్వచ్ఛందంగా బయటికి వచ్చి సమావేశమవుతాయి."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా ఓబుళేసు కొట్టాడు. ఈశ్వరి లేచి నిలబడింది.

"సార్, మరి తేనె ఎవరు చేస్తారు?"

నరసింహప్ప వాత్సల్యంతో నవ్వారు. "అది ఇంటిపనమ్మా. పాఠంలోకి రాదు."

అరుణజ్యోతి బోర్డు మీది పాత వాక్యం తుడిచి కొత్తది రాసింది. రాస్తుంటే సుద్దముక్క విరిగింది. సభ ముగిసేసరికి అన్నం వేళయింది. పెద్దలకు ఆకలి మండుతోంది. ఆడవాళ్లందరూ చేలల్లో ఉన్నారు. ఆదెప్ప చుట్టూ చూసి, "అమ్మా, ఈడ ఆడమనిషివి నువ్వొక్కదానివే కనబడతాండావు. సారుకు రెండు ముద్దలు వండి పెట్టు," అన్నాడు.

"ఉప్పు తగ్గించమ్మా, నాకు బీపీ," అన్నారు నరసింహప్ప.

అరుణజ్యోతి పిల్లలను లోపలికి పంపి, గుమ్మంలో నిలబడింది. "అది పాఠంలోకి రాదు సార్," అని తలుపు దగ్గరికి వేసింది.

ఆ పూట పెద్దలు బంకలో బిస్కెట్లు తిన్నారు. ఇప్పుడామె గుమ్మఘట్ట వైపు ఒక బడిలో పనిచేస్తోంది. అక్కడ పిల్లలకు చీమల గురించి చెప్పాలని ఆదేశం. చీమల్లోనూ పనిచేసేవన్నీ ఆడవేనన్న సంగతి ఆ ఊరి మగవాళ్లకు ఇంకా తెలియదు.

మీ ఇంట్లో కూడా చెప్పకండి.