మొండి చెత్త కేంద్రానికి చెత్త కావలెను

"సబానా చీకా పురప్రజలకు మేయర్ దోన్ ఫెలిసియానో గారి శుభవార్త! డొమినికన్ రిపబ్లిక్‌లో ఏ ఊరికీ లేని మొండి చెత్త కేంద్రం మన ఊరికి వచ్చింది! శనివారం మంత్రిగారి చేతులమీదుగా ప్రారంభం! తరలి రండి! చెత్తతో రండి!"

మైకు బిగించిన వ్యాను ఊరంతా తిరిగి చెప్పింది. వ్యానులో కూర్చుని చెప్పినవాడు ఎలిహియో.

మొండి చెత్త అంటే ఏమిటో మేయర్ గారే విడమర్చారు. అరటి తొక్క మెత్తటి చెత్త. పడేస్తే మట్టిలో కలుస్తుంది, లేకపోతే పంది తింటుంది. చచ్చిన ఫ్రిజ్జును పంది తినదు. పాత టీవీ, బ్యాటరీ, కాలిపోయిన ట్యూబ్‌లైటు, ఎండిన పెయింటు డబ్బా, గడువు దాటిన మందుబిళ్ళలు, ఇవన్నీ అంతే. పారేస్తే విషం, కాలిస్తే విషం, పాతిపెడితే బావిలో విషం. అన్నీ కేంద్రానికి తెస్తే కేంద్రం చూసుకుంటుంది. ఇంత మంచి మాట ఆ ఊళ్ళో అంతకుముందు ఏ మేయరూ చెప్పలేదు. చెప్పకూడదనే చట్టం లేకపోయినా చెప్పలేదు.

కేంద్రం బ్రహ్మాండంగా కట్టారు. నీలం రంగు వేశారు. ఫ్రిజ్జులకో గది, టీవీలకో గది, బ్యాటరీలకో గది. గది గదికీ మేయర్ గారి ఫొటో. బ్యాటరీల గదిలో మాత్రం కొంచెం గంభీరంగా ఉన్న ఫొటో పెట్టారు. నడుమ హాల్లో ఇనుమును నలగ్గొట్టే మిషను. లేనిదల్లా చెత్త.

మేయర్ గారు ఎలిహియోను పిలిచారు.

"ఎలిహియో, పార్టీకి నువ్వెంత చేశావో నాకు తెలుసు."

"జెండాలు కట్టానండి. పోస్టర్లు అంటించానండి. పోయిన ఎన్నికల్లో మీ బదులు రాళ్ళ దెబ్బలు కూడా..."

"అందుకే అంటున్నా. శనివారానికి గదులు నిండాయా, నువ్వే కేంద్రం సూపర్‌వైజరువి. పర్మనెంటు. చొక్కాకు బ్యాడ్జీ. నిండలేదా, నువ్వూ మొండి చెత్తే."

పర్మనెంటు అన్న మాట ఎలిహియో చెవిలో మెరెంగే పాటలా మోగింది. పెళ్ళి కావలసిన వయసు దాటి చాలా కాలమైంది. ఇంకా తల్లి తొమాసా అరటికాయలు ఉడికించి మెదిపిన మంగూ తిని, తల్లి చేత మాటలు తినే బతుకు. ఆయమ్మ చింతపండు రసం సంచుల్లో పోసి, గడ్డకట్టించి, ఐసు అమ్మి ఇల్లు నడుపుతోంది. ఇంట్లో సంపాదించేది ఆమె, తర్వాత ఫ్రిజ్జు. కొడుకు మూడోవాడు కూడా కాడు.

తోపుడుబండి తీసుకుని బయల్దేరాడు. ముందు కిరినో కొట్టుకు పోయాడు. కొట్లో రెండు ఫ్రిజ్జులున్నాయి. బీరు చల్లబరిచేది కొత్తది. మూలన ఉన్నది ఎప్పుడో చచ్చింది.

"కిరినో మామా, ఆ చచ్చిందాన్ని ఇచ్చెయ్."

"ఎవరు చచ్చారు? దాంట్లో బియ్యం పోసుకున్నా. తలుపు బిర్రుగా పడుతుంది, ఎలుక దూరదు. ప్రాణంతో ఉన్నప్పుడు కూడా ఇంత పని చెయ్యలేదు తెలుసా?"

ఎర్సీలియా పిన్ని ఇంటికి వెళ్ళాడు. ఆమె పాత టీవీ లోపలి సరుకంతా పీకేసి, అందులో పునీత అంతోనివారి బొమ్మ పెట్టి, చుట్టూ పూలదండ వేసింది. కొత్త టీవీ దాని నెత్తిమీద ఉంది.

"పిన్నీ, కిందిది చెత్త కదా?"

"ఏదీ, మళ్ళీ అను. అంతోనివారి మొహం చూసి అను."

అనలేకపోయాడు.

బట్టలుతికే పాత మిషనులో కోడి పొదిగింది. పాత టబ్బులో వామాకు పెరుగుతోంది. గడువు దాటిన బిళ్ళలు ఒక ముసలాయన రోజూ వేసుకుంటున్నాడు, కొత్తవాటి కంటే బాగా పనిచేస్తున్నాయట. జాలరి బసీలియో కారు బ్యాటరీ పగలగొట్టి, సీసం కరిగించి, వలకు గుళ్ళు పోసుకుంటున్నాడు.

"అది విషం బాబాయ్!"

"ఎవరికి?"

"అందరికీ."

"అందరికీ అయితే నేనొక్కణ్ణే ఎందుకు భయపడాలిరా? పక్కకు జరుగు, పొగ తగులుతుంది."

ఆ ఊళ్ళో పాడైపోయిన వస్తువులున్నాయిగాని చెత్త లేదు. ఎలిహియో ఉత్త బండితో ఇంటికొచ్చి నీళ్ళు తాగుతూ తల్లి ఫ్రిజ్జు వంక చూశాడు.

"కళ్ళు దించు," అంది తొమాసా. చేతిలో గరిటె ఉంది. దించాడు.

మేయర్ గారు నిబ్బరం కోల్పోలేదు. పెద్దవాళ్ళు కోల్పోరు.

"ప్రజల్లో చైతన్యం లేదోయ్," అన్నారు.

"అయ్యా, ఇది చెత్తే లేని ఊరు అని మంత్రిగారికి గొప్పగా చెప్పుకుంటే?"

"చెత్త లేని ఊళ్ళో కేంద్రం ఎందుకు కట్టావయ్యా అంటే నువ్వు చెబుతావా?"

పక్క ఊరి మేయర్‌ను కొంత చెత్త బదులడిగారు. ఆయన అవతలి పార్టీ. మా పార్టీ చెత్త మీ పార్టీకి ఎలా ఇస్తాం, సిద్ధాంతాలు ఒప్పుకోవు అన్నాడు. మాట మీద నిలబడే మనిషి.

శనివారం వచ్చింది. మంత్రిగారు వచ్చారు. బ్యాండు వచ్చింది. కరెంటు ఒక్కటే రాలేదు. గురువారం పోయింది పోయినట్టే ఉంది. ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఇప్పుడు మైకుకు కావాలి, మిషనుకు కావాలి. మేయర్ గారు కరెంటు ఇంజనీరుకు ఫోను చేశారు.

"లైను బాగాలేదండీ. సోమవారం దాకా ఇవ్వలేను," అన్నాడు ఇంజనీరు.

"ఇక్కడ మంత్రిగారున్నారయ్యా!"

"మంత్రిగారా? ముందే చెప్పరేం? అయితే మామూలు కంటే గట్టిగానే పంపిస్తా."

అంతవరకూ మంత్రిగారు నోటితోనే మొదలుపెట్టారు. ఎదురుగా ఊరంతా కూర్చుంది. బ్యాండూ నీడా రెండూ ఉన్నచోటికి ఆ ఊరు ఎప్పుడైనా వస్తుంది. మాట్లాడుతూ మంత్రిగారు గదుల్లోకి తొంగి చూశారు.

"దోన్ ఫెలిసియానో, చెత్త ఏదీ?"

"వస్తుంది సార్. దారిలో ఉంది."

ఎలిహియో స్తంభం చాటుకు జరిగాడు. చొక్కా మీద బ్యాడ్జీ పెట్టుకోవలసిన చోటు చెమటతో తడిసింది.

"సోదరులారా!" అని మంత్రిగారు చెయ్యెత్తారు. "ఈ కేంద్రం మీ జీవితాల్లో..."

సరిగ్గా అప్పుడు కరెంటు వచ్చింది.

"వచ్చింది! వచ్చింది!" అని ఊరు ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. కరెంటు వస్తే అలా అరవడం అక్కడ పుట్టుకతో వచ్చిన అలవాటు. పాలు తాగే పిల్లలు కూడా సీసా వదిలేసి కొడతారు. కొట్టి, ఒక్క నిమిషం ఆగకుండా ఇళ్ళకు పరిగెత్తారు. నీళ్ళ మోటారు వెయ్యాలి, బట్టలుతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, ఎప్పుడు పోతుందో ఎవరు చూడొచ్చారు?

మంత్రిగారు ఎత్తిన చెయ్యి దించకుండా ఉండిపోయారు. కళ్ళు చెమ్మగిల్లాయి. "నా కోసం ఇంతగా ఎక్కడా కొట్టలేదయ్యా."

"మీరంటే ప్రాణం సార్."

"మరి ఎక్కడికి పోతున్నారు?"

మేయర్ గారు తడుముకోలేదు. "చెత్త తేవడానికి సార్."

మంత్రిగారు ఖాళీ కుర్చీలకు మెచ్చుకోలుగా తల ఊపారు. వేదిక మీది ట్యూబ్‌లైటు తెల్లగా వెలిగింది, ఇంకా తెల్లగా వెలిగింది, తర్వాత నీలంగా మారి ఢామ్మంది. మైకు కుయ్యిమని ఊరుకుంది. మిషను ఒక్కసారి గొంతు సవరించుకుని పొగ వదిలింది. వెంటనే ఊళ్ళో అన్ని వీధుల్లోంచీ టపటపా, ఢమఢమా.

"టపాసులు కూడానా! ఆర్భాటం వద్దన్నానుగా," అన్నారు మంత్రిగారు సిగ్గుపడుతూ.

తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ తర్వాత కేకలు.

అప్పుడు ఊరు కదిలి వచ్చింది. ముందు కిరినో, బీరు చల్లబరిచే కొత్త ఫ్రిజ్జును తోసుకుంటూ. వెనక ఎర్సీలియా నెత్తిమీద కొత్త టీవీ. ఫ్యాన్లు, మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు, ఇన్వర్టర్లు, గంపలనిండా మాడిపోయిన బల్బులు. ఒక పెళ్ళికూతురు మిక్సీని చంకనేసుకుని ఏడుస్తూ వచ్చింది. అప్పటిదాకా సీలు తియ్యని మిక్సీ, కరెంటొచ్చిందని అప్పుడే తీసిందట.

"ఏదో అంటున్నారు. ఏమంటున్నారు?" అని మంత్రిగారు చెవి ఒగ్గారు.

కిరినో అంటున్నది మేయర్ గారి తల్లిగారి గురించి.

"జేజేలు సార్," అన్నారు మేయర్ గారు. తర్వాత ఎలిహియో వైపు తిరిగి పళ్ళ సందునుంచి, "గదులు తెరవరా!" అన్నారు.

మేయరు మొహాన కొడదామని తెచ్చినవాళ్ళకు మంత్రిగారు ఎదురెళ్ళి ఒక్కొక్కరికీ చేతులు పట్టుకుని ధన్యవాదాలు చెప్పారు. మోసుకొచ్చినవాళ్ళు మళ్ళీ ఇంటికి మోసుకుపోలేరు. దించారు. ఫ్రిజ్జుల గది నిండింది. టీవీల గది నిండి వరండాలోకి వచ్చింది. విలేకరులు ఫొటోలు తీశారు. ఒక్క పూటలో ఒక ఊరు ఇంత మొండి చెత్తను తనంతట తాను తెచ్చి ఇవ్వడం ఎక్కడైనా చూశామా అని మంత్రిగారు అడిగారు. ఎవరూ చూడలేదన్నారు.

మేయర్ గారు మాట తప్పలేదు. అక్కడికక్కడే ఎలిహియో చొక్కాకు బ్యాడ్జీ గుచ్చారు. గుచ్చుతుండగా వరసలో తర్వాతి మనిషి వచ్చింది. తొమాసా. కిరినో బండి అడిగి తీసుకుని ఫ్రిజ్జును తెచ్చింది. తలుపు సందులోంచి చింతపండు రసం ధారగా కారి ఆమె చెప్పులు తడిపింది.

ఎలిహియో తల్లిని చూశాడు. తల్లి బ్యాడ్జీని చూసింది.

"సూపర్‌వైజర్ గారూ, ఇది ఏ గదిలో పెట్టాలండీ?"

పుట్టి బుద్ధెరిగాక తల్లి అతన్ని గారూ అనడం అదే మొదలు. చేత్తో మొదటి గది చూపించాడు. ఆమె తోసుకుపోయింది. నేలమీద రసపు గీత గది దాకా పోయింది.

"ఆదర్శ మాత!" అని మంత్రిగారు ఫొటోకు ఆమె పక్కన నిలబడ్డారు. ఫ్రిజ్జు మీద చెయ్యి వేశారు. జిగురంటితే రుమాలుతో తుడుచుకున్నారు.

సాయంత్రం పక్క ఊళ్ళో కూడా ఇలాంటి కేంద్రమే ప్రారంభించాలట. వెళ్తూ వెళ్తూ మంత్రిగారు కారు దగ్గర ఆగి, వెనక సీట్లోంచి తన సెక్రటరీని దింపేసి, కరెంటు ఇంజనీరును పిలిపించి పక్కన కూర్చోబెట్టుకున్నారు.