కార్డులు అయిపోయిన పెద్దమనిషి

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలుసుకోవడానికి దాని చట్టాలు చదవనక్కర్లేదు. అది ప్రయాణానికి సర్దుకున్న సంచి చూస్తే చాలు. మా మేనకోడలు మూడు రోజుల నెట్‌వర్కింగ్ సమ్మేళనానికి బయల్దేరుతూ సర్దుకున్న సంచిలో రెండు జతల బట్టలు, ఒక దువ్వెన, వెయ్యి విజిటింగ్ కార్డులు ఉన్నాయి. స్వెట్టరు లేదు.

"స్వెట్టరు పెట్టుకోవే," అన్నాను.

"చోటు లేదత్తా."

"ఆ కార్డులు కొన్ని తీసెయ్యి. వెయ్యి మందిని కలుస్తావా నువ్వు?"

"కలవను. కార్డు ఇస్తానంతే. కలవడానికి టైమెక్కడుంది?"

ఆమె చెప్పులు వెతుక్కుంటుండగా పది కార్డుల డబ్బాల్లో తొమ్మిది బయటపెట్టి, స్వెట్టరు, జ్వరం మాత్రలు, గొడుగు సర్దాను. (ఎండాకాలమే. కానీ పోతున్నది తెలియని ఊరు.) చూసి గొణుక్కుంది గానీ బస్సుకు వేళ మించిపోతోందని ఊరుకుంది.

మా మేనకోడలు లిఫ్టులు బాగుచేస్తుంది. తన జబ్బు తనే చెప్పుకునే లిఫ్టు వచ్చాక కంపెనీ ఆమెను ఇంటికి పంపించింది. (లిఫ్టు జబ్బు చెప్పుకుంటుంది గానీ నయం చేసుకోదు. ఆ విభాగం ఇంకా పరిశీలనలో ఉంది.) ఈ సమ్మేళనంలో పని దొరక్కపోతే ఒకటో తారీఖు నుంచి వాళ్ల పెదనాన్న చెప్పుల కొట్టులో కూర్చోవాలి. పదమూడో అంతస్తులో గాలికి వేలాడుతూ పనిచేసిన మనిషి, వచ్చేపోయే జనం పాదాలు కొలవాలి.

ఉద్యోగం లేదని కార్డు మీద అచ్చు వేయరు. అందుకని "నిలువు ప్రయాణ పరిష్కారాల ప్రధాన సలహాదారు" అని వేశారు. ఆ పేరు పెట్టింది మా వీధి చివర ప్రెస్సు ఆయనే. ఆయన కార్డు మీద "కాగితపు సంబంధాల రూపశిల్పి" అని ఉంటుంది.

సమ్మేళనం వారి నియమావళి నేను రెండుసార్లు చదివాను. ఎదుటివారి కార్డును రెండు చేతులా అందుకోవాలి. మూడు క్షణాలు చదువుతున్నట్టు చూడాలి. కనుబొమ ఎత్తాలి (సలహాదారులకు ఒకటి, డైరెక్టర్లకు రెండూ). "తప్పకుండా మాట్లాడుకుందాం" అనాలి. అని వెంటనే పక్కకు తిరిగిపోవాలి. కార్డులు మార్చుకోకుండా సంభాషణ ముగించడం నేరం.

అంటే లోకం పొరబడుతోంది. విజిటింగ్ కార్డు మనుషులు కలవడానికి పుట్టింది కాదు, మర్యాదగా విడిపోవడానికి పుట్టింది. మా కాలంలో ఆ పని "వెళ్లొస్తాను" అనే మాట చేసేది. మా ఇంట్లోంచి వెళ్లినవాళ్లంతా ఆ మాట అనే వెళ్లారు. అందులో రెండో సగం ఎప్పుడు అమలవుతుందని అందరినీ అడిగే వీలు నాకు చిక్కలేదు. కార్డులో ఆ చిక్కు లేదు. అది ఏ సగమూ వాగ్దానం చేయదు.

మొదటిరోజు మధ్యాహ్నానికే మా మేనకోడలి వంద కార్డులూ అయిపోయాయి. పుచ్చుకున్న వంద మందీ ఉద్యోగం వెతుక్కుంటున్న ప్రధాన సలహాదారులే. ఖాళీ చేతులతో టీ బల్ల దగ్గర నిలబడితే, పక్కన మరో ఖాళీ చేతుల మనిషి కనిపించాడు. ఆయన ఒక పెద్ద ఆసుపత్రిలో లిఫ్టుల దగ్గర్నుంచి దూది దాకా కొనుగోళ్లు చూసే పెద్దమనిషి. ఆయన కార్డులు టిఫిను వేళకే అయిపోయాయట. (పని ఇవ్వగలిగినవాడి కార్డులు ఎప్పుడూ ముందే అయిపోతాయి.)

కార్డుల్లేక ఇద్దరూ నోటితో మాట్లాడుకోవలసి వచ్చింది.

"ఏం చేస్తుంటారమ్మా?"

"లిఫ్టులు బాగుచేస్తానండి. ఇప్పుడు పని లేదు."

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టాడట. ఆ హాల్లో అప్పటిదాకా అంత చిన్న వాక్యం ఎవరూ ఆయనతో అనలేదు.

"మా ఆసుపత్రి లిఫ్టు తరచూ ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా నేనొక ఉత్తరం రాస్తాను," అన్నాడు.

"ఉత్తరం చదివి కదులుతుందాండీ?"

"కదలదు. అందుకే మళ్లీ రాస్తాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. చీకటిపడే వేళకు ఆయన, "మీలాంటి మనిషి కోసమే చూస్తున్నానమ్మా, ఉద్యోగం మీదే అనుకోండి," అన్నాడు. అనేశాక ఇద్దరికీ ఒకేసారి తట్టింది. విడిపోవడం ఎలా?

సమ్మేళనం వారి విడదీత అధికారిని పిలిపించారు. ఆయన నియమావళి తిరగేసి, సంభాషణ చట్టబద్ధంగా ముగియడానికి మూడే దారులున్నాయని చెప్పాడు. కార్డుల మార్పిడి, కరెంటు పోవడం, ఇద్దరిలో ఒకరి ప్రాణం పోవడం. కరెంటు పోతుందేమోనని మిగతా రెండు రోజులూ చూశారు. హాలుకు జనరేటరు ఉంది.

అలా ఆయన మా మేనకోడలితోపాటు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు.

"అత్తా, ఈయనకి కూడా కాఫీ పెట్టు."

"ఎవరే ఈయన?"

"పరిచయం ఇంకా పూర్తి కాలేదు. అయ్యాక చెప్తా."

మా మేనకోడలివి తొమ్మిది డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి. ఆయన కార్డులు మా వీధి ప్రెస్సుకే ఇచ్చారు. అక్కడ మిషను పాడైంది. అవి అచ్చయ్యేదాకా ఆయన మా ముందుగదిలో ఉన్నాడు. నన్ను అక్కయ్యగారూ అనేవాడు. పాత పుస్తకాల బండి మీద నేను కొనుక్కున్న పశువైద్యం పుస్తకం అడిగి తీసుకుని, దూడలకు వచ్చే విరేచనాల దాకా చదివి నాతో చర్చించాడు. ఆసుపత్రి లిఫ్టుకు ఏమేం మార్చాలో ఇద్దరూ క్యాలెండరు వెనక బొమ్మలు గీసుకున్నారు. ఇంట్లో అంత మాట వినపడి చాలా ఏళ్లయింది. ఆ మిషను బాగుపడకూడదని నేను కోరుకోలేదు, బాగుపడాలని మాత్రం తొందరపడలేదు.

"సోమవారం నుంచి చేరిపోండమ్మా," అన్నాడు ఒకరోజు.

"ఎక్కడికి రావాలండీ?"

"ఆఫీసుకి. కార్డు మీద ఉంటుందిగా."

"ఆ చిరునామా ఏదో నోటితో చెప్పకూడదా నాయనా?" అన్నాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు.

"పోనీ ఆ ఉద్యోగం ఆర్డరు ఇక్కడే రాసిచ్చెయ్యండి."

"సంతకం ఆఫీసులోనే పెట్టాలి అక్కయ్యగారూ. ఆఫీసుకి పోవాలంటే అమ్మాయి దగ్గర సెలవు తీసుకోవాలి. సెలవుకి కార్డు కావాలి. ఇంత చిన్న విషయం..."

చెప్పుల కొట్టు నుంచి రెండుసార్లు కబురు వచ్చింది. "పని దొరికింది పెదనాన్నా, కాగితమే రావాలి," అని మా మేనకోడలు తిరుగు కబురు పంపింది.

కార్డులు వచ్చాయి. ముందుగదిలో ఎదురెదురుగా నిలబడి రెండు చేతులా ఇచ్చిపుచ్చుకున్నారు. మూడు క్షణాలు చూసుకున్నారు. ఆయన ఒక కనుబొమ ఎత్తాడు.

"తప్పకుండా మాట్లాడుకుందాం," అని పక్కకు తిరిగాడు. పక్కన గోడ ఉండటంతో ఇంకోసారి తిరిగి గుమ్మం వైపు నడిచాడు.

"నాయనా, సోమవారం సంగతి..." అన్నాను.

మా మేనకోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అడక్కత్తా. కార్డు తీసుకున్నాక అడిగితే బాగుండదు."

ఆయన కార్డు మీద పేరు, ఐదు హోదాలు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. చిరునామా లేదు. (చిరునామా వేస్తే జనం వచ్చేస్తారని ప్రెస్సు ఆయన వివరించాడు.) ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఒక తీయటి గొంతు, "మీ పరిచయం విజయవంతంగా పూర్తయింది, ధన్యవాదాలు," అంటుంది. ఆసుపత్రి పేరు ఏమిటని మేము ఎన్నడూ అడగలేదు. అన్ని రోజుల మాటల్లో ఆ అవసరం రాలేదు.

ఆ వచ్చిన ఒకటో తారీఖు నుంచి మా మేనకోడలు చెప్పుల కొట్టులో కూర్చుంటోంది. "పాదరక్షణ పరిష్కారాల సలహాదారు" అని కొత్త కార్డులు వేయించుకోమని ప్రెస్సు ఆయన వెంటపడుతున్నాడు.

పెద్దమనిషి మా గుమ్మం దిగింది నిరుడు జూన్ పన్నెండు, గురువారం ఉదయం. ఇంతవరకూ తిరిగి రాలేదు.