ఎండుమిరపకాయల లెక్క

ఆ రోజు పొద్దున్న త్యాగరాజు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలకు పాతిక దాకా అంకెలు నేర్పాలి, అదీ గొంతులు చించుకుని అరవకుండా. కిందటి వేసవిలో ఒంగోలులో జరిగిన శిక్షణలో, పసివాళ్ళ చేతికి ఏదైనా ఇచ్చి లెక్కపెట్టిస్తే బుర్రకెక్కుతుందని చెప్పారు. ఆ చెప్పిన పెద్దమనిషి ముందు ఇరవైమంది పిల్లలు కూర్చున్నారు. దర్శి దగ్గర ఈ ఊళ్ళో, మాస్టారి ముందు, ఒకే గదిలో ఎనభైమంది.

చేతికి ఏమివ్వాలా అని చూస్తే కిటికీ అవతల కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనిపించాయి. రైతునడిగి బుట్టెడు తెచ్చి తలా గుప్పెడు పంచాడు. "పదేసి కాయలు కుప్పలు పెట్టండర్రా!" అన్నాడు.

కాసేపు బడి ముచ్చటగా నడిచింది. ఆయన ముందు వరసల్లో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరి కుప్ప చూస్తుంటే, వెనక వరసల వాళ్ళు కాయలు అయిపోయాయని వాటిని చిదిమి గింజలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చదువు మీద అంత శ్రద్ధ వాళ్ళకు ఎప్పుడూ లేదు. ఇంతలో ఎవరో కన్ను నలుపుకుని గొల్లుమన్నారు.

"ఒరేయ్, కళ్ళు నలపకండిరా!" అని మాస్టారు అరిచాడు.

ఆ మాట విన్నాక, అప్పటిదాకా ఆ ఆలోచనే లేనివాళ్ళు కూడా నలిపి చూశారు. గది గదంతా ఏడుపు. కుండలో నీళ్ళు నలుగురి మొహాలకే సరిపోయాయి. బావి ఊరి అవతల ఉంది. పిల్లల్ని వదిలి వెళ్ళడానికి లేదు, పంపడానికి మనిషి లేడు. ఎవరికైనా కళ్ళు పోతాయేమోనని మాస్టారు అందిన చేతినల్లా పట్టుకుని ఆపుతూ గదంతా తిరిగాడు.

ఇద్దరు ఆడపిల్లలు మిరపతోటలోకి పరుగెత్తి, "మాస్టారిచ్చిన కాయలకి కళ్ళు మండిపోతున్నాయ్!" అని మొదటి సాలులో కాయలు కోస్తున్న తల్లులకు చెప్పారు. ఆ మాట రెండో సాలు దగ్గరికి వెళ్ళేసరికి, మాస్టారు పిల్లల కళ్ళల్లో కారం కొట్టాడంట అయింది. తోట చివర పనిచేస్తున్న మగవాళ్ళకు ఒక్క ముక్కే వినిపించింది, మండిపోతోందని. బడి తగలబడిందనుకున్నారు.

అందువల్ల ఆడవాళ్ళు కర్రలతో వచ్చారు, మగవాళ్ళు బిందెలతో, బక్కెట్లతో నీళ్ళు మోసుకొచ్చారు. అందరికంటే ముందున్న యేసుపాదం పైకప్పు వైపు చూసి, "స్తోత్రం! బడి నిలబడే ఉంది," అన్నాడు.

"కాలిపోలేదు గానీ ఆ నీళ్ళు ఇటు తీసుకురండి బాబూ!" అన్నాడు మాస్టారు, ఏడుపొక్కటే తక్కువగా.

కొట్టడానికి వచ్చిన చేతులే మొహాలు కడిగాయి. కూలికి వచ్చే ప్రేమమ్మ మజ్జిగ తెప్పించి చేతులకు రాయించింది. ఒక్కో తల్లి నలుగురైదుగురు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుంది. ఏడుపులు తగ్గాక, ఊరికే కూర్చోలేక, "ఏదీ, ఏం నేర్చుకున్నావో చెప్పు," అని అడిగారు.

"ఏమండీ పంతులు గారూ," అని వీరమ్మ గట్టిగా పిలిచింది, "నా కూతురు పన్నెండు తర్వాత పదిహేనంటది, ఇదేం చదువండీ?"

మాస్టారు తల వంచుకున్నాడు. "అందరూ కలిసి అరుస్తుంటే ఎవరు ఏమంటున్నారో నాకెట్లా తెలుస్తుందమ్మా? మీ అమ్మాయి గొంతు నేను విడిగా వినడం ఇదే మొదలు."

వీరమ్మ కర్ర పక్కన పెట్టింది. "ప్రేమమ్మా, నువ్వు టెన్త్ పాసయ్యావు గదా. రోజూ సగంమందిని నువ్వు కూర్చోబెట్టుకో. నీ సాలు మేం కోస్తాం."

"మేస్త్రి ఊరుకుంటాడా?" అంది ప్రేమమ్మ.

"మేస్త్రిని నేనే," అన్నాడు యేసుపాదం. "రేపట్నించే కూర్చో."

మాస్టారు చేతులు జోడించాడు. కళ్ళు తుడుచుకోబోతే ప్రేమమ్మ ఆపింది, ఆయన చేతులకింకా కారం ఉంది.

మర్నాటి నుంచి ప్రేమమ్మ వరండాలో, మాస్టారు గదిలో. వేసవి సెలవులకు ముందే వీరమ్మ కూతురు పదమూడూ పద్నాలుగూ తప్పకుండా వంద దాకా చెప్పింది.

రెండో టీచరు కోసం మాస్టారు పెట్టిన అర్జీకి పై ఆఫీసు నుంచి జవాబు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. బడి అగ్నిప్రమాదంలో కాలిపోయినట్టు తెలిసినందువల్ల ఆ పోస్టు అవసరం లేదట.