బాతుకు కుదిరిన కోటు

ఆదివారం పొద్దున్నే దర్జీ ఒక నిర్ణయానికి వచ్చాడు. పార్కు చెరువు నుంచి రెండు అడవి బాతుల్ని ఇంటికి తెచ్చి గుడ్ల వ్యాపారం పెట్టాలి. లేకపోతే సోమవారం నుంచి బావమరిది రెడీమేడ్ కొట్లో చొక్కాలు మడతపెట్టాలి. ఆర్నెల్లుగా తన కొట్టు గడప తొక్కినవాడు లేడు మరి. బావమరిది కింద పనిచేయడం కన్నా బాతుల వెనక పరుగెత్తడమే గౌరవమని అతనికి తోచింది.

"అవి ఎగిరిపోతాయండీ," అంది భార్య.

"సంచిలో ఉన్నది ఎలా ఎగురుతుంది? నీదంతా చాదస్తం," అని మిషను ముందు కూర్చున్నాడు.

కుడదామనుకున్నది సంచే. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. తల బయటికి రావాలి కదా అని కాలరు పెట్టాడు. కాలరు పెట్టాక గుండీలు కుట్టకుండా చెయ్యి ఊరుకోలేదు. గాలి ఆడాలని అడుగున రెండు కంతలు వదిలి, వాటికి అంచు కూడా మడిచాడు.

పార్కులో రొట్టెముక్కకు ఒక బాతు చిక్కింది. దాన్ని సంచిలో దూర్చి, గుండీలు పెట్టి, బెంచీ మీద ఉంచి రెండోదాని కోసం వంగాడు. రెక్కలు లోపల ఇరుక్కున్న బాతు ఎగరలేదు గానీ, కంతల్లోంచి కాళ్లు బయటపెట్టి కిందికి దూకింది. చారల కోటులో పెళ్లికొడుకులా నడుచుకుంటూ పోయింది.

నడకకు వచ్చినవాళ్లంతా మూగారు. ఫోన్లు పైకి లేచాయి. పార్కు సూపర్‌వైజరు పరుగున వచ్చి, "ఎవరి పనిది?" అన్నాడు. దర్జీ మెల్లగా గేటు వైపు జారుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే బయటపడేవాడే.

"ఏదో రెడీమేడ్ సరుకులెండి," అన్నాడు బానపొట్ట పెద్దమనిషి ఒకాయన.

దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక్కి వచ్చి గుంపు మధ్యలో నిలబడ్డాడు.

"రెడీమేడా? ఆ కాజా చూడండి, చేత్తో కుట్టింది. కొలత తియ్యకుండా కంటి అంచనాతో కుట్టాను. ఎక్కడన్నా ముడత పడిందేమో చూపించండి."

"అయితే దొంగవు నువ్వేనన్నమాట," అంటూ సూపర్‌వైజరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

కోటు విప్పగానే బాతు ఎగిరిపోయింది. మిగిలిన కోటును పెద్దమనిషి తిరగేసి మరగేసి చూశాడు.

"వదిలెయ్యండి సార్. బాతుకే ఇంత బాగా కుదిరితే నా పొట్టకు కుదరదా? ఏ కొట్లో కొన్నా నాకు గుండీ పట్టదు. ఏమయ్యా, కొలతలెప్పుడు తీసుకుంటావు?"

మళ్లీ బాతుల జోలికి రానని ఒట్టు వేయించుకుని సూపర్‌వైజరు వదిలాడు. వదిలాక తన యూనిఫాం భుజాలు జారుతున్నాయని గొణిగాడు. దర్జీ ఆ బెంచీ దగ్గరే పదకొండు మందికి కొలతలు తీశాడు. ఇంటికి వస్తుంటే అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

"బాతులేవండీ? రేపు తమ్ముడికి ఏం చెప్పమంటారు?" అంది భార్య.

"నెల దాకా నాకు తీరిక లేదని చెప్పు."

చెప్పాల్సిన పని పడలేదు. సాయంత్రం బావమరిదే వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తన కొట్లో చొక్కా ఒక్కటీ తనకు సరిపోవడం లేదన్నాడు.