కమిటీలో మింగేసిన ‘మి’

ఆ ఉదయం టౌన్‌హాల్ గుమాస్తా సెత్సువోకి ఉన్న పని ఒక్కటే. సత్రంలో దిగిన మోనాకి ఫోన్ చేసి, పది గంటలకు టౌన్‌హాల్లో స్వాగత కమిటీ ఉంటుందని ఇంగ్లీషులో చెప్పాలి. ఆమె న్యూజిలాండ్ నుంచి వచ్చింది. ఈ రేవు ఊరి పిల్లలు ఏటా అక్కడికి వెళ్ళి ఆమె బడిలో కొన్నాళ్ళు చదివే ఏర్పాటు ఉంచాలో తీసేయాలో ఆమే తేల్చాలి.

భార్య కిమియె సూపు గిన్నె మీద పుల్లతో తాళం వేస్తూ నేర్పింది. "క, మి, టీ. దెబ్బ నడిమి ముక్క మీదే పడాలండీ. మొదటిదాని మీద పడిందో, మాట చెడుతుంది."

"మన భాషలో అన్ని ముక్కలూ సమానమే కదా! ఈ ఇంగ్లీషువాళ్ళకెందుకే ఈ పక్షపాతం?"

ఫోనెత్తేసరికి ఆ పాఠం కాస్తా మరిచిపోయాడు. మొదటి ముక్కను గట్టిగా బాది, ‘మి’ని మింగేశాడు. మోనా చెవికి ‘కామెడీ’ అనే వినబడింది.

"కామెడీనా! ఎవరు చేస్తారు?"

"ఛైర్మన్ ఒనోదెరా గారండీ. వాళ్ళ నాన్నగారూ ఇందులోనే చేశారు."

"నేనూ ఏదైనా చేయనా?"

సెత్సువోకి సగమే అర్థమైంది. "తప్పకుండా! దయచేసి చేయండి!"

పది గంటలకు, నల్లసూట్లలో పెద్దలు బిగుసుకుని కూర్చున్న గదిలోకి, సత్రంవాళ్ళను అడిగి తెచ్చుకున్న వంకరమూతి మాస్కుతో మోనా గెంతుతూ వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ‘అబ్బ, ఎంత బాగా ముఖం బిగపట్టారు!’ అనుకుంది. ఒనోదెరా లేచి ఇంగ్లీషు ఉపన్యాసం అందుకున్నాడు. అది ఊరి మురుగుకాలువల సంగతి దాకా వచ్చేసరికి ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

ఒనోదెరా కాగితం మడిచాడు. "సెత్సువో! ఈవిడ మనల్ని వెక్కిరించడానికి వచ్చిందా?"

"ఆపేశారేం? ఇంత మంచి కామెడీని!" అంది మోనా.

అప్పుడు వెలిగింది సెత్సువోకి. పిల్లల ప్రయాణం తన నాలుక మీదే మునిగిపోయిందనుకున్నాడు. నడుం వంచి, బల్ల మీద తాళం వేసి మరీ రెండు భాషల్లోనూ తప్పు ఒప్పుకున్నాడు. మోనా మాస్కు తీసింది. చెవుల దాకా ఎర్రబడి, తనూ వంగి క్షమించమంది.

ఒనోదెరా మెల్లగా అడిగాడు. "ఎక్కడెక్కడ నవ్విందోయ్?"

"మురుగుకాలువల దగ్గర... బాగా ఎక్కువగానండీ."

"ఇన్నేళ్ళుగా చదువుతున్నా. ఒక్కడైనా మేలుకుని విన్నాడా? మిగతాది కూడా వింటుందేమో అడుగు."

మోనా వింది. ఈసారి పెద్దలూ నవ్వారు. ఆ వేసవిలో పిల్లలు వెళ్ళారు. ఆమె పట్టుబట్టడంతో వాళ్ళవెంట ఒనోదెరా కూడా వెళ్ళి, అక్కడి బడిలో అదే ఉపన్యాసం చదివి వచ్చాడు.

దాన్ని మొదటినుంచీ హాస్యంగానే రాశానని ఆయన ఇప్పటికీ చెబుతాడు.